సమ్మెట ఇంట్లో దడ

పిల్లిని మెడ పట్టుకుని ఎత్తడానికి ఒక పద్ధతి ఉంది. తోక పట్టుకుని ఈడ్చడానికి ఏ పద్ధతీ అక్కర్లేదు. సమ్మెటకు పద్ధతులతో ఎప్పుడూ పని పడలేదు. ఆ ఉదయం అతను పిల్లిని తోక పట్టుకుని మంచం కిందినుంచి లాగి, నడవ పొడుగునా ఈడ్చుకుంటూ పెరట్లోకి తెచ్చి, బట్టలు ఆరేసే తీగల మీదుగా విసిరేశాడు. అది గాల్లో పల్టీ కొట్టి, ఎవరిదో తెల్లటి దుప్పటికి గోళ్ళతో వేలాడి, దాన్ని పైనుంచి కిందిదాకా సర్రున చీల్చుకుంటూ దిగి, నీళ్ళతొట్టి వెనక్కు దూరింది. అక్కణ్ణుంచి ఒక్క అరుపు కూడా రాలేదు. అరిచే పిల్లికి కాస్త ధైర్యమైనా మిగిలినట్టు. దీనికి అదీ లేదు.

"మళ్ళీ పరుపు తడిపింది. నేనిలా లేచానో లేదో, అలా పోసింది" అన్నాడు సమ్మెట.

సమ్మెట అతని పేరు కాదు, పని. పాత ఇళ్ళు పడగొట్టే ముఠాకు మేస్త్రీ. అతను గోడ ముందు నిలబడి ఒకసారి కళ్ళెర్రజేస్తే సగం సున్నం దానంతట అదే రాలిపోతుందని ముఠావాళ్ళు చెప్పుకునేవారు. అది ఉత్త అబద్ధం. పావువంతు కంటే ఎక్కువ ఎన్నడూ రాలలేదు. అతని భార్యది వీధివైపు గదిలో లాండ్రీ. తెల్లారి కాగు కింద నిప్పు పెట్టింది మొదలు దీపాలు వెలిగేదాకా ఆవిరి మధ్యనే తిరుగుతుంది గనక వీధి ఆమెకు ఆవిరమ్మ అని పేరు పెట్టింది. చలికాలంనుంచీ ఆమె పడక కూడా అక్కడే, ఇస్త్రీ బల్ల కింద చాప మీద. నిప్పు ఆరకుండా చూసుకోవాలి కదా అనేది. నిప్పుకంటే మొగుడి మోచేతికి దూరంగా ఉండడం ముఖ్యమని చెప్పేది కాదు.

ఆవిరమ్మ తడిచేతులతో వచ్చి తొట్టి వెనక్కు వంగబోయింది. సమ్మెట భుజాన వేసుకొచ్చిన మంచం మీది దుప్పటిని మెలిపెట్టి ఆమె మొహాన ఒక్కటి వేశాడు. తడిదుప్పటి దెబ్బ తాడుదెబ్బ కంటే బరువు. పెదవి పంటికి తగిలి చిట్లింది. దుప్పటి మీద పడిన ఎర్రటి చుక్కను చూడగానే ఆమెకు తోచిన మొదటి సంగతి, దీన్ని చన్నీళ్ళలోనే వెయ్యాలి, వేడినీళ్ళు తగిలితే మరక ఉండిపోతుంది అని. పనిచేసే చేతులకు ఏడవడం తర్వాతే గుర్తొస్తుంది.

ఈలోగా పక్కవాటా పిట్టగోడ మీద అతని అక్క తల కనిపించింది. ఆవిడ లాండ్రీకి వచ్చే చొక్కాలకు ఊడిన గుండీలు కుడుతుంది. గుండీలక్క అంటే తెలియనివాళ్ళు లేరు. నోట్లో రెండు సూదులు పెట్టుకుని కూడా ధారాళంగా మాట్లాడగలిగిన మనిషి.

"ఒరేయ్ తమ్ముడూ, ఊళ్ళో గోడలన్నీ అయిపోయాయేంట్రా, పిల్లుల మీద పడ్డావు?"

"నీ గుండీలు నువ్వు చూసుకో" అన్నాడు సమ్మెట. తర్వాత భార్యవైపు తిరిగి, గొంతు పెంచకుండా, పనివాళ్ళకు ఆ పూట పడగొట్టాల్సిన గోడ చూపించినట్టుగా చెప్పాడు. "ఇంకొక్కసారి ఈ ఇంట్లో తడి కనబడాలి. దాన్ని గోడకానించి సమ్మెట పెట్టి కొడతా. నువ్వు అడ్డం వస్తే నిన్నూ అంతే."

అతను అరిస్తే భయం లేదు, అరుపుతోనే సగం పోతుంది. నెమ్మదిగా చెప్పింది మాత్రం చేసి తీరతాడు. ఆవిరమ్మకది బాగా తెలుసు.

చిత్రమేమిటంటే ఆ పిల్లిని ఇంటికి తెచ్చింది అతనే. వానలకు ముందు పడగొట్టిన ఒక మేడలో, చివరి గోడ కూలాక, ఇటుకల సందున సున్నం ముద్దలా దొరికింది. పనిముట్ల సంచిలో వేసుకొచ్చి నవ్వుతూ భార్య ఒళ్ళో కుమ్మరించాడు. అతను పడగొట్టిన ఇళ్ళల్లోంచి చెక్కుచెదరకుండా బయటికొచ్చిన వస్తువు అదొక్కటే. చేత్తో పట్టుకుంటే ఒళ్ళంతా గుండేనేమో అన్నట్టు కొట్టుకునేది. అందుకే ఆవిరమ్మ దాన్ని దడ అని పిలిచింది.

దడ చేసిన పాపాలు లేకపోలేదు. ఉతికి మడిచిన దొంతరల మీద పోసేది, ఇస్త్రీ బల్ల కింద పోసేది. అంతకుముందు వారం ప్లీడరుగారి నల్లకోటు జేబులో పోసింది. అది ఆరిపోయి కనబడలేదు. ఇస్త్రీ చేసి ఇచ్చేశారు. కోర్టులో వాదన వేడెక్కేకొద్దీ కోటూ వేడెక్కింది. జడ్జిగారు ముక్కు ఎగబీల్చి, సాక్షిని కాస్త ఎడంగా నిలబడమన్నారట. ఆ మాటకు గాభరాపడి సాక్షి నిజం చెప్పేశాడని, కేసు పోయిందని గుండీలక్క చెబుతుంది. కేసు సంగతేమో గాని ప్లీడరుగారు మాత్రం తిరిగి రాలేదు. ఆవిరమ్మకు అది కూడా గుర్తుంది. పిల్లిని బతికించుకోవాలి, గిరాకీని నిలబెట్టుకోవాలి, రెండూ ఒక్క తడి దగ్గరే ముడిపడి ఉన్నాయి.

సాయంత్రం సమ్మెట ఇంటికి వచ్చే వేళకు ఆమె పని ఆపి, దడను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అది ఎప్పుడు, ఎందుకు పోస్తుందో కొట్టకుండా, తిట్టకుండా, ఊరికే చూద్దామని. అతని అడుగులు వీధి మలుపులో వినబడగానే ఒళ్ళో గుండె వేగం పెరిగింది. గడప దాటి లోపలికి వచ్చి, రోజూ చేసినట్టే భుజం మీది పనిముట్ల సంచిని నేలమీద కుమ్మరించాడు. సమ్మెట, గడ్డపార, ఉలులు, సుత్తులు బండల మీద ధనధనమని పడ్డాయి. గోడమీది పటాలు కదిలాయి. ఆవిరమ్మ ఒళ్ళో వెచ్చగా తడి పాకింది.

అతనికి కనిపించకుండా ఆమె చీర కుచ్చెళ్ళు మడిచి ఒళ్ళో దోపుకుని అలాగే కూర్చుంది. అతను కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయేదాకా లేవలేదు. ఆ మోతలో పిల్లి ఏం విన్నదో అప్పుడామెకు తెలిసింది. కూలుతున్న ఇల్లు రోజూ సాయంత్రం తనను వెతుక్కుంటూ గడప దాటి వస్తోందని విన్నది.

మర్నాడు అతను వచ్చే వేళకు గడపలోపల గోనెపట్టా పరిచి ఉంది, మడత మీద మడత వేసి. సంచి దాని మీద పడితే మూటపడ్డ చప్పుడు తప్ప ఇంకేం రాలేదు.

"ఇదేంటే, పిల్లిరాణిగారికి తివాచీనా?"

"బండలు పగులుతున్నాయయ్యా" అంది ఆవిరమ్మ.

బండలంటే అతనికి గౌరవం. గొణుక్కుంటూ ఊరుకున్నాడు. వంగి సంచి సర్దబోయి నడుము పట్టుకుని ఆగిపోయాడు. గోడ మీదనుంచి గుండీలక్క ఇదంతా చూస్తూనే ఉంది. కిందటి నెలలో తమ్ముడు గోడ మీదనుంచి జారి రాతిమెట్ల మీద కూర్చున్నట్టుగా పడ్డాడని ముఠావాళ్ళు చెప్పారట. నిజమేనా అని అడిగింది.

"నేను పడటమేంటి? మెట్లే పైకి లేచొచ్చి తగిలాయి. అందులో ఒకటి నా దెబ్బకు విరిగింది కూడాను."

"అందుకేనా ఈమధ్య నీ లాగు నువ్వే జాడించుకుంటున్నావు? పుట్టి బుద్ధెరిగి చెంచా కడగనివాడు పొద్దున్నే తొట్టి దగ్గర బట్ట పిండుతుంటే, సూర్యుడు ఎటు పొడిచాడా అని నేను వీధిలోకెళ్ళి చూసొచ్చా."

సమ్మెట చేతికందిన చెంబు ఆ తలవైపు విసిరాడు. తల సమయానికి మునిగింది. చెంబు గోడ అవతల బండల మీద పడ్డ చప్పుడుకు కాగు వెనక దడ మళ్ళీ తడిపింది. ఆవిరమ్మ పరుగున వెళ్ళి అమ్మోనియా సీసా తెచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, అతను చూసేలోగా అక్కడ పోసి తుడిచేసింది.

ఆమె తల్లి నేర్పిన పద్ధతి అది. మరక ఏదైనా, వాసన ఏదైనా ముందు అమ్మోనియా, తర్వాతే సబ్బు. ఆ ఘాటు ముందు ఏ కంపూ నిలబడదు. ఇల్లంతా ఆమె దానితోనే తుడిచేది. దొంతరలు పెట్టే చెక్క, బల్ల కింద, పరుపు, నడవ మూల. పిల్లి ఎక్కడ పోస్తే అక్కడ ఆమె చెయ్యి సీసాతో సహా ప్రత్యక్షం.

ఆ తర్వాతి ఉదయం సీసా బిరడా వదులై ఒక చుక్క గచ్చు మీద పడింది. ఆవిరమ్మ చేతిలో ఇస్త్రీ పెట్టె ఉంది, వెంటనే తుడవలేకపోయింది. అదీ మంచిదయింది. దడ కాగు వెనకనుంచి బయటికొచ్చింది. ఆ చుక్క దగ్గర ఆగి, నోరు సగం తెరిచి, పెదవి పైకి మడిచి వాసన పీల్చింది. ఒక చుట్టు తిరిగింది. తోక ఎత్తి, సరిగ్గా దాని మీదే కూర్చుంది.

అక్కడ అంతకుముందెన్నడూ అది పోయలేదు.

ఆవిరమ్మ పెట్టెను పక్కకు దించడం మరిచిపోయింది. కింద చొక్కా వీపున గోధుమరంగు మచ్చ తేలుతుంటే తేరుకుని ఎత్తింది. ఇన్నాళ్ళూ తను కంపు పోగొడుతున్నాననుకుంది. పిల్లి ముక్కుకు మాత్రం అది ఇంకో పిల్లి పెట్టిపోయిన గుర్తు. ఇదిగో ఇక్కడే, ఇక్కడే అని తన చేత్తో తనే ఇల్లంతా బోర్డులు రాసి పెట్టింది. రాసినచోటల్లా అది బుద్ధిగా కూర్చుంది. కూర్చున్నచోటల్లా తన్నులు తింది. ఆమె గోడ దగ్గరికి పోయి వదినకు ఈ సంగతి చెప్పి, చెబుతూ చెబుతూ తన నెత్తిన తనే కొట్టుకుంది.

గుండీలక్క సూదులు నోట్లోంచి తీసి మరీ విన్నది. అలా తీయడం అరుదు.

ఆ పూటే సీసా గోడ దాటి వదిన వాటాలోకి వెళ్ళిపోయింది. ఆవిరమ్మ చాకలిసోడా నీళ్ళతో ఇల్లంతా కడిగి, వెనిగర్ చల్లి, ఎండ తగిలేలా కిటికీలు తెరిచిపెట్టింది. పెరట్లో మొగుడు పోసుంచిన ఇసుకను సన్నజల్లెడ పట్టి, అడ్డంగా కోసిన పాత నూనెడబ్బాలో నింపి, బొగ్గుబస్తాల వెనక పెట్టింది. అటునుంచీ ఇటునుంచీ పారిపోయే దారి ఉండాలి, లేకపోతే దడ అందులో నిలవదని ఆమెకు తోచింది. తను కూడా ఈ ఇంట్లో కూర్చునేటప్పుడు తలుపు కనబడేలా కూర్చుంటుంది మరి. కాగు వెనక వెచ్చటి అలమర మీద పాత కంబళి ముక్క పరిచింది. తిండి అక్కడికే తెచ్చి చేత్తో పెట్టింది. పిలవలేదు, పట్టుకోలేదు.

మధ్యాహ్నం వదినామరదళ్ళు తలుపు సందులోంచి ఒకరి తల మీద ఒకరు తల పెట్టి చూస్తుండగా దడ ఇసుకలోకి దిగింది. తవ్వింది. మళ్ళీ తవ్వింది. నీళ్ళు పడేదాకా తవ్వుతుందేమోననిపించేలా తవ్వింది. తర్వాత కూర్చుని, లేచి, ఇసుక కప్పి, కప్పింది సరిపోలేదని మళ్ళీ కప్పి, చిన్న గుట్ట చేసి వెళ్ళిపోయింది.

"ఎంత చక్కగా పూడ్చిందే" అంది గుండీలక్క. "మనవాళ్ళు గోడలు పడగొట్టి చెత్తంతా వీధిలో వదిలేస్తారు. దీన్ని చూసి నేర్చుకోవాలి."

ఆ రాత్రి గడిచి తెల్లారింది. ఇల్లంతా పొడిగా ఉంది. పరుపూ పొడిగానే ఉంది. సమ్మెట లేచి, పరుపు మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూసుకుని, చెయ్యి అక్కడే ఉంచి కాసేపు కూర్చోవడం ఆవిరమ్మ నడవలోంచి చూసింది. పిల్లి బాగుపడ్డందుకు అతనికీ సంతోషమే కాబోలు అనుకుంది. ఆ రోజు అతను ఏదో పాత గిడ్డంగిలో రాతిస్తంభాలు లాగించాలని హుషారుగా వెళ్ళాడు. సాయంత్రం స్తంభంలాగే బిగుసుకుపోయి వచ్చి పడుకున్నాడు.

మర్నాటి ఉదయం కాగు మరుగుతోంది. ఆవిరమ్మ బట్టలు తిప్పే కర్రతో నీళ్ళలో దుప్పట్లు కలుపుతోంది. వెనకనుంచి సమ్మెట వచ్చాడు. అలమర మీద ముడుచుకుని పడుకున్న దడను కంబళితో సహా పట్టుకున్నాడు. అది నిద్రలోంచి లేచి అతని బొటనవేలి మొదట్లో పళ్ళు దించింది. వదల్లేదు. అతను బూతు తిట్టి, చెయ్యి విదిలించి, దాన్ని కాగు అంచుకేసి కొట్టాడు. ఎండుపుల్ల విరిగిన చప్పుడైంది. అప్పుడు అరిచింది దడ, ఆ ఇంట్లోకి వచ్చాక మొదటిసారి.

ఆవిరమ్మ చేతిలోని కర్ర ఎప్పుడు లేచిందో ఆమెకే తెలియదు. పొగలు కక్కుతున్న తడికర్ర అతని మోచేతి మీద పడింది. పట్టు సడలి పిల్లి జారింది, మూడు కాళ్ళ మీద దేక్కుంటూ పెరట్లోకి పోయింది. సమ్మెట మోచెయ్యి వంక ఒకసారి చూసుకున్నాడు. కర్ర లాక్కున్నాడు. ఆమె భుజాల మీద, వీపు మీద, తలకు అడ్డం పెట్టుకున్న చేతుల మీద కర్ర విరిగేదాకా కొట్టాడు. విరిగాక సగంముక్కతో కూడా కొట్టాడు. గోడ అవతలనుంచి అక్క అరుస్తోంది, వీధిలో ఎవరో తలుపు వేసుకుంటున్నారు. కొట్టి కొట్టి అతనే నడుము పట్టుకుని వంగిపోయాడు.

"పరుపు మళ్ళీ తడిపింది. సాయంత్రం నేనొచ్చేసరికి అది ప్రాణాలతో ఉండకూడదు. ఉంటే నా చేతులతో తీస్తా" అన్నాడు రొప్పుతూ. బొటనవేలికి గుడ్డ చుట్టుకుని, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిరమ్మ లేచి కాగు కింద నిప్పు ఎగదోసింది. ఎన్ని బోర్డులు చెరిపినా, ఎంత ఇసుక జల్లెడ పట్టినా మళ్ళీ అక్కడికే వచ్చింది. అయితే దడ మొన్న మధ్యాహ్నంనుంచీ అలమర దిగితే ఇసుకలోకే పోయింది. తను చూస్తూనే ఉంది. ఆమె పరుపు ఎండలో వేద్దామని గదిలోకి వెళ్ళి, అలవాటుగా సీసా కోసం చెయ్యి చాచింది. సీసా లేదు, వదినింట్లో ఉంది. వెనిగర్ పొయ్యాలంటే తడి ఎంతమేర పాకిందో చూడాలి. మొహం పక్కకు తిప్పుకునే పని లేక, వంగి చూసింది.

ఆవిరమ్మ ముక్కు గురించి వీధిలో కథలున్నాయి. కాలరు వాసన చూసి ఆ ఇంట్లో ఆలుమగలకు మాటలున్నాయో లేవో చెప్పేదట. ఒకసారి చేతిరుమాలు వాసన చూసి, దాన్ని తెచ్చినవాడు రుమాలు యజమాని కాదని దొంగను పట్టిచ్చిందట. ఇందులో నిజమెంతో గాని, ఇన్నాళ్ళూ ఆ ముక్కుకు ఆ పరుపు వాసన ఒక్కసారీ అందలేదు. ముందు అమ్మోనియా పొయ్యడం, తర్వాత ఊపిరి పీల్చడం.

పిల్లి వాసన కాదది.

ఆమె మళ్ళీ వంగింది. తడి మంచం నడిమధ్యన ఉంది, అతను వెల్లకిలా పడుకునేచోట. చుట్టూ పాత వలయాలున్నాయి, ఒకదాని మీద ఒకటి. అతను లేచాక పిల్లి పోసిన తడి అయితే నడుము ఆకారంలో ఎందుకు పాకుతుంది. తొట్టి దగ్గర జాడించుకున్న లాగులు గుర్తొచ్చాయి. రాతిమెట్లు గుర్తొచ్చాయి. నిన్న పొడి పరుపు మీద ఆనించి ఉంచిన అరచెయ్యి గుర్తొచ్చింది. అతనికి తెలుసు. మొదటినుంచీ తెలుసు. తెలిసే దాన్ని తోక పట్టుకుని ఈడ్చాడు.

ఆవిరమ్మ మంచంపట్టె మీద కూర్చుండిపోయింది. జాలి రాలేదు. కోపమూ రాలేదు. ఒళ్ళంతా ఉన్న వాతలు మాత్రం ఒక్కొక్కటే వేరువేరుగా మండడం మొదలుపెట్టాయి.

దడ వదిన వాటాలో సంచుల కింద దొరికింది. గుండీలక్క దాన్ని ఒళ్ళో వేసుకుని, చొక్కా కాలర్లు బిగుసుగా నిలబడడానికి లోపల పెట్టే పట్టీలు నాలుగు తీసి, విరిగిన వెనకకాలికి నాలుగువైపులా ఆనించి, గుండీల దారంతో చుట్టింది. కట్టాక ముడి కూడా గుండీకి వేసినట్టే వేసింది. పిల్లిని తన దగ్గరే ఉంచుకోమని ఆవిరమ్మ అడిగింది. పరుపు సంగతి చెప్పలేదు. వదినకు చెప్పడమంటే వీధికి చెప్పడమే, కాకపోతే వీధికి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది.

సాయంత్రం సమ్మెట వచ్చి, పిల్లి ఏదని అడిగాడు. ఈ ఇంట్లో లేదు అంది ఆవిరమ్మ. అతను అలమర వెనక, బస్తాల వెనక చూసి ఊరుకున్నాడు. పడుకునేముందు ఆమె వీధితలుపు, పెరటితలుపు రెండూ గడియలు వేసి, కిటికీ రెక్కలు మూసింది. అతను చూస్తుండగానే వేసింది.

తెల్లవారిన కాసేపటికి, ఆమె ఇస్త్రీ పెట్టెలో నిప్పులు నింపుతుండగా గదిలోంచి అతని గొంతు వినబడింది. "మళ్ళీ పోసింది. దాచావే నువ్వు. ఇంట్లోనే దాచావు."

సమ్మెట సమ్మెటతో వచ్చాడు. లాగు తడిసి తొడలకు అంటుకుపోయి ఉంది. ఆ సంగతి అతనికి గుర్తులేదు, లేదా ఆమెకు కళ్ళు లేవనుకున్నాడు. మొదటి దెబ్బకు కాగు వెనక అలమర కూలింది. రెండో దెబ్బకు ఇసుకడబ్బా నలిగిపోయి ఇసుక గదంతా చిమ్మింది. గంజికుండ పగిలింది. బొగ్గుబస్తాలు చీలిపోయాయి. కాగు కింది ఇటుకపొయ్యికి తగిలిన దెబ్బతో కాగు ఒరిగి, మరిగే నీళ్ళు గచ్చు మీద పారి, నిప్పుల మీద పడి, గదంతా ఆవిరి కమ్మింది. ఆ ఆవిరిలో అతను కనబడని పిల్లిని కొడుతూనే ఉన్నాడు. ప్రతి దెబ్బకూ నడుములోంచి ఒక మూలుగు వస్తోంది. ఆవిరమ్మ ఇస్త్రీ పెట్టె చేత్తో పట్టుకుని తలుపుకు వీపు ఆనించి నిలబడింది.

బయట ఎవరో తలుపు బాదారు. ఆవిరమ్మ వెనక్కి తిరిగి, గట్టిగా చప్పుడయ్యేలా గడియ తీసింది.

గడపలో గుండీలక్క. చంకలో గుడ్డసంచి, సంచిలోంచి బయటికి తల పెట్టిన దడ, దాని పక్కనే కాలరుపట్టీల కట్టుతో ముందుకు చాచిన వెనకకాలు.

సమ్మెట పైకెత్తిన పెద్దసుత్తి అలాగే ఉండిపోయింది.

"ఏం విరగ్గొడుతున్నావురా పొద్దున్నే? ఇది నిన్నటినుంచీ నా దగ్గరే, రాత్రంతా నా..."

"వదినా" అంది ఆవిరమ్మ, "నీ పొయ్యి మీద పాలు పొంగుతున్నట్టున్నాయి."

గుండీలక్క మరదలి మొహం చూసింది. ఆ చేతుల మీది వాతలు చూసింది. తమ్ముడి మొహం చూసి, అక్కణ్ణుంచి చూపు కిందికి, తడిసిన లాగు మీదికి దించింది. పుట్టినప్పటినుంచీ ఆగని ఆ నోరు మూతపడింది.

"అవునే, పొంగుతున్నాయి" అని వెనక్కి తిరిగింది. ఆ పూట ఆమె ఇంట్లో ఇంకా పొయ్యే వెలిగించలేదు.

తలుపు మూసుకుంది. సమ్మెట చేతిలోంచి సుత్తి జారి ఇసుకలో పడింది. చప్పుడు కాలేదు. అతను తల తిప్పి ఆమెవైపు చూసినప్పుడు, ఆ కళ్ళలో ఉన్నది పిల్లి కళ్ళలో రోజూ కనిపించేదే.

"నవ్వు" అన్నాడు. "నవ్వవే. ఎందుకు నవ్వవు?" పిడికిలి బిగించి మీదికి వచ్చాడు.

ఆవిరమ్మ నవ్వలేదు. ఇస్త్రీ పెట్టెను రెండు చేతులతో ఎత్తి ఇద్దరి మధ్యా పట్టుకుంది. అతను ఇంకో అడుగు వేశాడు. ఛాతీ మీది వెంట్రుకలు చిటపటమని ముడుచుకుని కమురు వాసన వచ్చింది. ఆమె పెట్టెను వెనక్కి తీయలేదు, ముందుకూ తోయలేదు. అంతటి బరువైన పెట్టె ఆమె చేతుల్లో చొక్కా గుండీల మధ్య ఎంత నిలకడగా నడుస్తుందో అంత నిలకడగా నిలిచింది.

"దుప్పటి నేను ఉతుకుతా" అంది. "రోజూ తడిసినా రోజూ ఉతుకుతా. ఒక్క మాట అనను, ఎవరికీ చెప్పను. ఆసుపత్రికి నడువు, నడుము చూపిద్దాం. కానీ ఈ చెయ్యి ఇంకోసారి లేచిందా, నా మీదైనా, దాని మీదైనా, ఆ పరుపు తీసుకెళ్ళి వీధిలో ఎండేస్తా. పిల్లి ఎవరో అప్పుడు అందరికీ తెలుస్తుంది."

పిడికిలి గాల్లో చాలాసేపు ఉంది. తర్వాత దాని బరువు అదే మోయలేనట్టు కిందికి దిగింది. అతను గోడకు వీపు ఆనించి, నీళ్ళలో ఇసుకలో అలాగే కూర్చుండిపోయాడు. ఎన్నో గోడలు అతని ముందు అలా కూర్చున్నాయి.

ఆవిరమ్మ పెట్టె పక్కన పెట్టి, సుత్తి తీసుకుంది. అది అంత బరువుంటుందని ఆమె అనుకోలేదు. ఈడ్చుకుంటూ తీసుకెళ్ళి గోనెపట్టా మీద పెట్టింది. ఆ తర్వాత పరుపు మీది దుప్పటి లాగి, తొట్టిలో చన్నీళ్ళు పట్టింది.

ఆ రోజు సమ్మెట పనికి పోలేదు. పొయ్యి ఇటుకలు మళ్ళీ పేర్చాడు. పడగొట్టడం తప్ప ఇంకోటి తెలియని చేతులు అవి, పేర్చింది రెండుసార్లు ఒరిగింది. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్ళారు. వెన్నుపూస మీద దెబ్బ పాతదని, బరువులెత్తడం మానాలని, మందు పనిచేయడానికి కొన్ని నెలలు పడుతుందని డాక్టరు చెప్పాడు. దారిలో పశువుల ఆసుపత్రి ముందు ఆవిరమ్మ ఆగింది, వదిన ఇచ్చిన గుడ్డసంచిని అతని చేతికిచ్చింది. అతను సంచిని ఎలా పట్టుకోవాలో తెలియక రెండు చేతులూ కింద పెట్టి, నిండుగిన్నె మోసినట్టు మోశాడు. సంచిలోపల దడ అతని చేతుల మీదుగా భయంతో తడిపింది. అతను చేతులు మార్చలేదు.

కొన్నాళ్ళకు బరువు లేని పనికి, కూలీలకు దారి చూపించే పనికి, మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాడు. మొదటి సాయంత్రం వీధి చెవులు రిక్కించి కూర్చుంది. ధనధనమని చప్పుడు రాకపోయేసరికి సమ్మెట ఇంకా రాలేదనుకున్నారు. అతను అప్పటికే వచ్చేశాడు. గడప దగ్గర ఆగి, చెప్పులు విడిచి, సగం ఖాళీ చేసిన సంచిని గోనెపట్టా మీదికి వంగకుండా మోకాళ్ళ మీద కూర్చుని దించి, లోపలి ఇనుము ఒకదానికొకటి తగలకుండా చేత్తో ఆపుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గదిలోకి వెళ్ళాడు. మంచం మీద రబ్బరుగుడ్డ, దాని మీద మడత నలగని దుప్పటి. మంచం పక్కన మూతవేసిన బకెట్టు. ఎవరూ దాని గురించి ఏమీ అనలేదు.

కొత్తగా కట్టిన అలమర మీదనుంచి దడ ఇదంతా చూసింది. చెవులు వెనక్కి వాల్చి, కట్టుకాలు కింద దాచుకుని, పారిపోవడానికి రెండు దారులూ తెరిచి ఉన్నాయో లేదో చూసుకుంది. దానికి నమ్మకం కలగలేదు.

నమ్మడానికి దానికేం తొందర లేదు. పెట్టెలో నిప్పులు కదుపుకుంటూ, తలుపు కనబడేలా కూర్చున్న ఆవిరమ్మకూ లేదు.